సంఘం పెద్దలకు శాలువా బదులు బొమ్మ ఇస్తే ఎలా ఉంటుంది?

ప్రశ్న: రాణీగంజ్‌లో మాకు పంపులు, మోటార్ల దుకాణం ఉంది. నాన్నగారి కాలం నుంచీ అక్కడే. మా వ్యాపారుల సంఘానికి ఈమధ్యే సంయుక్త కార్యదర్శినయ్యాను. నాలుగు వందల మంది దాకా సభ్యులున్నారు. తెలుగువాళ్లం, మార్వాడీలు, గుజరాతీలు, ముస్లింలు అందరం కలిసే ఉంటాం. పాత కమిటీల్లో పనిచేసిన ముగ్గురు పెద్దలకు సన్మానం చేయాలనుకుంటున్నాం. ఒకరు అధ్యక్షుడిగా చేసినాయన, ఒకరు కోశాధికారి, మూడో ఆయన ఏ పదవీ లేకుండానే పనులన్నీ నెత్తినేసుకున్నవారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు చిన్న షాపులవాళ్లని కూర్చోబెట్టి రిటర్నులు నేర్పించింది వీళ్లే. లాక్‌డౌన్‌లో హమాలీల ఇళ్లకు బియ్యం, పప్పు పంపించారు. 2020 అక్టోబరు వరదల్లో సొంత గోడౌన్ల నుంచి పంపులు తెచ్చి అందరి సెల్లార్లలో నీళ్లు తోడించారు. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు.

శాలువా, మెమెంటో వద్దు, మంచి ఆర్టిస్టు చేత ఏదైనా గీయించి ఇద్దామని నేనన్నాను. అప్పట్నుంచీ తలోమాట. ఒకరు ఆయిల్ పెయింటింగ్‌లో పెద్ద పెద్ద పటాలు కట్టిద్దామంటారు. ఒకరు వెండి నాణెం చాలంటారు. ఇంకో ఆయన 'మా అబ్బాయి ఏఐలో ఐదు నిమిషాల్లో చేసిస్తాడు, డబ్బు దండగ' అంటాడు. పైగా కోశాధికారి రెండేళ్ల కిందట కమిటీతో మాటపట్టింపు వచ్చి రాజీనామా చేశారు, ఆయనకెందుకని కొందరి గొణుగుడు. బడ్జెట్ లక్షన్నర. ఏం గీయించాలి? ఎవరి చేత? ఆ పెద్దలకు ముందే చెప్పాలా? సభ జనవరిలో.
- ఒక సంయుక్త కార్యదర్శి, సికింద్రాబాద్

సమాధానం: కార్యదర్శి గారూ, తలోమాట వస్తోందంటే అది మంచి సూచనే. శాలువా గురించి ఎవరికీ ఏ అభిప్రాయమూ ఉండదు. కప్పుతారు, ఫోటో దిగుతారు, ఇంటికెళ్లాక అది బీరువా పైఅరకు చేరుతుంది. సంఘాల్లో ఏళ్ల తరబడి తిరిగిన మనిషి ఇంటికెళ్లి షోకేసు చూడండి. వెల్వెట్ పెట్టెల్లో చార్మినార్లు, అద్దం పలకల మీద బంగారు అక్షరాలు వరసగా ఉంటాయి. ఏది ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో ఆయన్ని అడిగితే ఆయనే తడుముకుంటాడు. మీరు అందులోంచి బయటపడాలనుకున్నారు, బాగుంది. కాకపోతే ఆర్టిస్టు చేత గీయించినంత మాత్రాన బయటపడిపోరు. పాస్‌పోర్టు ఫోటో చూసి, తెచ్చిపెట్టుకున్న నవ్వుతో, కోటు తొడిగి గీసిన ముఖం కూడా మెమెంటోయే. కాస్త ఖరీదు ఎక్కువ, అంతే.

మీరు అడిగిన ప్రశ్నలన్నీ పక్కనపెట్టి ముందు మీ ఉత్తరాన్నే మీకు చూపిస్తాను. 'సొంత గోడౌన్ల నుంచి పంపులు తెచ్చి అందరి సెల్లార్లలో నీళ్లు తోడించారు' అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. మీరు గీయించాల్సిన బొమ్మ అదే. పంపులమ్మే మనుషులు, ఊరు మునిగిన రోజున అమ్మకానికి పెట్టిన సరుకునే వీధిలోకి దించి నీళ్లు తోడారు. ఏ షాపు ముందు తోడారు? ఎన్ని హెచ్‌పీ పంపు? కరెంటు లేదుగా, డీజిల్ ఇంజనా? హోస్ పైపు ఎక్కడిదాకా లాగారు? ఎవరు పట్టుకున్నారు? ఆ రాత్రి చాయ్ ఎవరు తెచ్చారు? ఇవి మీకు తెలిస్తే ఆర్టిస్టుకు చెప్పగలరు. తెలియకపోతే హైదరాబాద్‌లో ఎంత గొప్ప చిత్రకారుడి దగ్గరికి వెళ్లినా చివరికి కోటు, నవ్వు, వెనకాల చార్మినారే వస్తాయి.

కాబట్టి ఆర్టిస్టు కంటే ముందు ఒక నోట్‌బుక్ కొనండి. పదిహేను రోజులు దానికే ఇవ్వండి. ఆ ముగ్గురినీ కాదు అడగాల్సింది. వాళ్లు 'అబ్బే, మనదేముంది, అందరం కలిసి చేశాం' అంటారు, అక్కడితో ఆగిపోతుంది. సెల్లార్ మునిగిన షాపు ఓనరుని అడగండి. బియ్యం మూట అందుకున్న హమాలీని అడగండి. 2017 జులైలో హెచ్ఎస్ఎన్ కోడు (ఏ సరుకు ఏ రకమో చెప్పే జీఎస్టీ నంబరు) అంటే ఏంటో తెలియక బిక్కమొహం వేసిన చిన్న ఫిట్టింగ్స్ షాపాయన్ని అడగండి. సంఘం ఆఫీసులో చాయ్ ఇచ్చే కుర్రాడిని తప్పకుండా అడగండి, మీటింగుల్లో అందరికంటే ఎక్కువ విన్నది అతనే. ఆ ముగ్గురి ఇళ్లలో కూడా ఒకసారి కూర్చోండి. ఆయన మీటింగుల్లో తిరుగుతుంటే షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది ఎవరు? భార్యో, తమ్ముడో, కోడలో ఉంటారు. బొమ్మలో వాళ్లకూ చోటుండాలని నాకనిపిస్తుంది. మామూలు సన్మానాల్లో వాళ్లని చివరి నిమిషంలో స్టేజీ మీదికి పిలిచి పక్కన నిలబెడతారు, పేరు కూడా మైకులో తప్పు చదువుతారు.

ఇక ఆయిల్ పెయింటింగ్ పటాల సంగతి. నేను వద్దంటాను. మీ ఆఫీసు హాల్లో గోడ మీద ఇప్పటికే ఎవరి పటాలుంటాయి? సంఘం పెట్టిన తొలి తరం పెద్దలవి ఉంటాయి, వాటికి గంధం చెక్క దండలూ ఉంటాయి. వాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఆ వరసలో నిక్షేపంలా బతికున్న మనిషి పటం పెడితే ఆయన ఇంట్లోవాళ్లు పైకి ఏమీ అనకపోయినా లోపల ముల్లులా గుచ్చుకుంటుంది. మన ఇళ్లలో గోడ మీద పెద్ద ఫ్రేములో ఒక్కళ్లే ఉన్న ముఖానికి ఒకే అర్థం. రెండోది, పోలిక సరిగ్గా కుదిరే పోర్ట్రెయిట్ కావాలంటే మనిషి వచ్చి కూర్చోవాలి, చిత్రకారుడు గంటల తరబడి చూడాలి. మీ పెద్దలు కూర్చుంటారా? షాపు వదిలి రారు. ఫోటో చూసి గీస్తారు. వచ్చాక ముక్కు ఇలా లేదని ఒకరు, రంగు తగ్గించారని ఒకరు. మూడోది అసలైనది. ముఖాలు పెట్టడం మొదలుపెడితే అది కుర్చీకి దక్కే గౌరవం అయిపోతుంది. వచ్చే ప్రతి అధ్యక్షుడికీ పటం కట్టాల్సిందే, పనిచేసినా చేయకపోయినా. పదవి లేకుండా పనిచేసిన మీ మూడో పెద్దాయనకు ఆ గోడ మీద చోటే ఉండదు.

నా సలహా చేర్యాల పటం. ఇది ఫ్రేము కట్టిన ముఖం కాదు, కథని గడులు గడులుగా గీసిన పొడవాటి బట్ట. సిద్దిపేట జిల్లాలో ఉంది చేర్యాల, మీకు వంద కిలోమీటర్ల లోపే. అక్కడి నకాశీ చిత్రకారుల పనికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి పని అనే చట్టబద్ధమైన గుర్తింపు ఉంది, మీలో చాలామంది ఎర్రటి నేపథ్యం మీద గీసిన ఆ బొమ్మలు శిల్పారామంలోనో, గోల్కొండ హస్తకళల ఎంపోరియంలోనో చూసే ఉంటారు. చింతగింజల పిండితో, రంపపు పొట్టుతో చేసే మాస్కులూ అక్కడివే. అందంగా ఉంటాయనే కాదు, నేను ఆ పేరు చెప్పడానికి వేరే కారణముంది. ఆ పటాలు పుట్టిందే ఒక్కో వృత్తివాళ్లకు వాళ్ల సొంత కథ చెప్పడానికి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం పటం, గౌడులకు గౌడ పురాణం పటం, రజకులకు మడేలు పురాణం పటం. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగి, రాత్రిపూట దీపాల వెలుతురులో పటాన్ని కిందికి విప్పుతూ ఒక్కో గడిలోని బొమ్మ చూపిస్తూ పాడేవారు. పద్మశాలీల ముందు కూనపులివాళ్లు పాడతారు. మా పని ఎక్కడ మొదలైంది, మావాళ్లు ఏం చేశారు అని ఒక వృత్తివాళ్లంతా కూర్చుని చూసుకునే బొమ్మ అది. మీ రాణీగంజ్ పంపుల వ్యాపారులకు ఒక పటం ఉంటే తప్పేముంది? పాత పద్ధతికి అదేమీ అపచారం కాదు, ఆ బొమ్మ దాని సొంత పనిలో మళ్లీ పడుతుంది.

పాత పటాలు మూడడుగుల వెడల్పు, నలభై అడుగుల పైన పొడవు ఉండేవి. మీకు అంత అక్కర్లేదు. ఏడెనిమిది గడులు చాలు. ఖద్దరు బట్ట మీద సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల ముద్ద, గంజి, జిగురు కలిపి పూత మీద పూత వేసి ఆరబెడతారు. ఆ తర్వాతే గీత, రంగు. ఆ పూత ఆరడానికే టైం పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. జనవరి సభకు డిసెంబర్లో వెళ్లి అడిగితే వాళ్లు ఏం చేయగలరు? రెడీగా ఉన్న గోపికల బొమ్మ ఇచ్చి పంపుతారు. కనీసం మూడు నెలల గడువివ్వండి. రంగుల విషయం కూడా ముందే అడగండి. ఒకప్పుడు గవ్వల నుంచీ రాళ్ల నుంచీ మసి నుంచీ సొంతంగా చేసుకునేవారు, ఇప్పుడు చాలామంది దుకాణంలో దొరికేవే వాడుతున్నారు. ఏది కావాలన్నా సరే, ధర అడిగేటప్పుడు ఆ తేడా తెలిసి అడగండి.

చేర్యాల శైలిలో ఇంకో సుఖముంది. ముఖాలకు పోలికలు ఉండవు. పెద్ద కళ్లు, పక్కకు తిరిగిన ముఖాలు, అందరూ ఒకేలా ఉంటారు. మనిషిని గుర్తుపట్టేది వస్తువుల్ని బట్టి. మీ అధ్యక్షుడి పాత స్కూటరు, కోశాధికారి ముక్కు చివర జారే కళ్లజోడు, మూడో ఆయన చేతిసంచీ. మీ బజారువాళ్లు ఒక్క చూపుకే గుర్తుపట్టి నవ్వుకుంటారు. 'నా ముక్కు ఇలా లేదు' అనే మాట ఎవరూ అనలేరు.

ఈ కొత్త కథ ఆ చిత్రకారుడికి అలవాటైంది కాదని గుర్తుంచుకోండి. ఒకసారి రాణీగంజ్ తీసుకురండి. మధ్యాహ్నం పన్నెండుకు, రోడ్డు నిండా ట్రాలీ ఆటోలు, లోడింగు నడుస్తున్నప్పుడు తిప్పండి. మూడు భాషల బోర్డులు, షట్టర్లు, మోటార్ల పెట్టెలు, బస్ డిపో, రాంగోపాల్‌పేట పాత పోలీస్ స్టేషన్ మీది గడియారం చూపించండి. నోట్‌బుక్ లోంచి ఏడెనిమిది ఘట్టాలు చదివి వినిపించండి. ఏ ఘట్టానికి ఎంత చోటివ్వాలో ఆయనకే వదిలేయండి. పెన్సిల్ గీతల దశలో ఒకసారి చూడండి, చెప్పేది అప్పుడే చెప్పండి. రంగులు పడ్డాక 'ఇక్కడ మా వైస్ ప్రెసిడెంటుని కూడా ఇరికించండి' అనే కబురు మీ కమిటీ నుంచి కచ్చితంగా వస్తుంది. దాన్ని మీరే మధ్యలో ఆపేయాలి. సంయుక్త కార్యదర్శి పదవి ఎందుకుందని అడిగితే ఇందుకే అని చెబుతాను.

పెద్ద పటం సంఘం ఆఫీసులో ఉంటుంది. మరి ఆ ముగ్గురికీ ఏమిస్తారు? ఎవరి ఘట్టం వాళ్లకు, అదే చిత్రకారుడి చేత, అడుగున్నర లోపు సైజులో విడిగా గీయించండి. ప్రింటు తీయించవద్దు, చేత్తో గీసిందే ఇవ్వండి. ఫ్రేము కట్టి వెనక తెలుగులోనో, హిందీలోనో, ఉర్దూలోనో, ఆ ఇంట్లో చదివే భాషలో నాలుగు వాక్యాలు అతికించండి. ఫలానా రోజు, ఫలానా పని అని ఉండాలి. 'విశిష్ట సేవలకు గాను' అనే ముక్క మాత్రం రాయకండి, అది రాశారంటే మళ్లీ మెమెంటో షాపుకు వెళ్లినట్టే.

ఇక్కడే మీ 'ముందే చెప్పాలా' అన్న ప్రశ్న తగులుతుంది. చెప్పాలి. సర్‌ప్రైజులు పుట్టినరోజులకు బాగుంటాయి. మీ సంఘంలో రకరకాల ఇళ్లవాళ్లున్నారు. మనుషుల బొమ్మలు ఇంట్లో గోడకు పెట్టుకోని ఇళ్లుంటాయి. బొమ్మలో తానుండటం ఇష్టంలేని మనిషి ఉంటారు, భార్య బొమ్మ పెట్టడం ఇష్టంలేనివారూ ఉంటారు. వెళ్లి చాయ్ తాగుతూ అడగండి. మనిషి బొమ్మ వద్దంటే ఆ ఘట్టంలో పంపు, పైపు, నీళ్లు, బజారు ఉంటే చాలు, కథ అర్థమవుతుంది. అదీ వద్దంటే ఇంటికి బిద్రీ వస్తువు ఇవ్వండి. జింకు ఎక్కువగా ఉండే లోహంలో వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టి కలిపిన నీళ్లలో ముంచితే జింకు నల్లబడి వెండి తెల్లగానే మిగులుతుంది. ఆ నలుపు తెలుపుల్లో పూలూ తీగలే ఉంటాయి, ఏ ఇంట్లోనైనా ఇమిడిపోతుంది. ఇత్తడి ఇష్టపడేవాళ్లకు వరంగల్ దారిలో జనగామ దగ్గర పెంబర్తి ఉంది, రేకు మీద సుత్తితో కొట్టి బొమ్మలు తేల్చే పని వాళ్లది. పంపుల వ్యాపారికి లోహపు పని విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు.

కమిటీలో పోలికలున్న ముఖమే కావాలని పట్టుబడితే మంచి ఫోటోగ్రాఫర్‌ని పెట్టండి. ఆరో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ స్టూడియో నడిపిన సికింద్రాబాద్ మీది, ఫోటోని తక్కువ చూపు చూడకండి. షాపులో, పనిలో ఉండగా, పగటి వెలుతురులో తీసిన నలుపు తెలుపు ఫోటో ఒకటి మూడు ఆయిల్ పెయింటింగుల పెట్టు. ఖర్చూ తక్కువే.

నగరంలోనే ఆర్టిస్టుని వెతుక్కుంటామన్నా దారులున్నాయి. మాసబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, గచ్చిబౌలి హెచ్‌సీయూలో సరోజినీ నాయుడు స్కూల్, రెండింట్లోనూ పెయింటింగ్ నేర్చుకునే పిల్లలున్నారు. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ప్రదర్శనలు జరుగుతుంటాయి. వెళ్లి చూసి, ఎవరి పని మీ కంటికి ఆనితే వాళ్లతోనే మాట్లాడండి. 'ఫలానావాళ్లలా గీసిపెట్టు' అని మాత్రం అడగకండి. వాళ్లకు అవమానం, మీకు నకలు.

ఏఐ అబ్బాయి మాట కొట్టిపారేయకండి, ఆహ్వాన పత్రిక మీద అతని చేత ఏదైనా చేయించండి, సంతోషిస్తాడు. గోడ మీదికి మాత్రం వద్దు. 'రాణీగంజ్ బజారు' అని టైపు చేస్తే అది ఏ ఊరిదో తెలియని బజారు, చదవలేని అక్షరాల బోర్డులు వస్తాయి. ఆ రాత్రి పైపు ఎవరు పట్టుకున్నారో దానికి చెప్పినవాళ్లెవరూ లేరు. పైగా కొన్నేళ్లపాటు సొంత టైం ఇచ్చిన మనిషికి ఐదు నిమిషాల్లో అయిపోయింది ఇస్తే, సభలో అందరికంటే ముందు ఆ లెక్క కట్టేది మీ వ్యాపారులే.

డబ్బు, కాగితాల సంగతి వ్యాపారస్తులకు నేను చెప్పేదేముంది గానీ, బొమ్మల దగ్గర అందరూ మొహమాటపడతారు కాబట్టి చెబుతున్నాను. ఆర్టిస్టు చెప్పిన ధరని సగానికి బేరమాడకండి. పైపు బెండ్లకు ఆడే బేరం ఇక్కడ ఆడితే పని పలచబడుతుంది, మీకు తెలియకుండానే. బడ్జెట్ ఇంత అని ముందే చెప్పి, ఇందులో ఎంత సైజు వస్తుంది, ఎన్ని గడులు వస్తాయని అడగండి. మూడో వంతు అడ్వాన్సు, గీతలు చూశాక మూడో వంతు, చేతికందాక మిగతాది. ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. సైజు, బట్ట, రంగులు, గడువు, చెల్లింపులు ఉండాలి. ఇంకో ముఖ్యమైన అంశం, ఆ బొమ్మని మీరు ఎక్కడెక్కడ వాడుకుంటారు? వచ్చే ఏడాది మీ సంఘం డైరీ అట్ట మీద, క్యాలెండర్ మీద వేస్తారు, నాకు తెలుసు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగు మీద కాపీరైటు, వేరే ఒప్పందం లేకపోతే గీయించుకున్నవాళ్లదే. శిల్పానికి ఆ నియమం వర్తించదు, అక్కడ హక్కు చేసినవాళ్లదే. ఎటైనా సరే, డైరీకి వాడతామని రాసి, దానికి కొంత కలిపి ఇవ్వడం మర్యాద.

57వ సెక్షన్ మాత్రం మీ తర్వాతి అధ్యక్షుడికి చదివి వినిపించాలి. బొమ్మ అమ్మేశాక కూడా, కాపీరైటు ఎవరిదైనా సరే, అది తన పని అని చెప్పుకునే హక్కు, తన పేరు చెడేలా దాన్ని పాడుచేస్తే అడిగే హక్కు కళాకారుడికే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కాంస్య కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేస్తే ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగివ్వమని, 5 లక్షల నష్టపరిహారం కట్టమని తీర్పిచ్చింది. కట్టాల్సింది కేంద్ర ప్రభుత్వం. కాబట్టి రేపు ఎవరో కొత్త ప్రెసిడెంటు సైన్‌బోర్డు పెయింటర్‌ని పిలిచి మూలన తన బొమ్మ కూడా వేయించుకుందామనుకుంటే, కుదరదని చెప్పడానికి మీ దగ్గర చట్టం ఉంది. కొత్త ఘట్టాలు కలపాలంటే వేరే పలక గీయించుకోవచ్చు. అందుకే ఒకే పొడవాటి బట్ట కాకుండా, పక్కపక్కన తగిలించేలా రెండు పలకలుగా చేయించి, మూడో దానికి గోడ మీద ఖాళీ వదలండి. 'మరి మాకెప్పుడు' అనేవాళ్లకు ఆ ఖాళీని చూపించండి.

డబ్బు ఎక్కడిదో కూడా సభ్యులకు తేటగా ఉండాలి. హమాలీల సాయానికో, ఆపదలకో పెట్టిన నిధిలోంచి రూపాయి కదపకండి. జనరల్ బాడీలో తీర్మానం చేసి, విడిగా చందా వేసుకోండి. ఒక్కొక్కరిది ఇంతే అని పైపరిమితి పెట్టండి. చందా ఇచ్చినవాళ్ల పేర్లు పటం మీద ఉండవని అదే తీర్మానంలో రాసేయండి. ఫ్లెక్సీలు చూస్తున్నాం కదా, దాత ముఖం పెద్దది, పుట్టినరోజు మనిషి ముఖం చిన్నది. బిల్లు తీసుకుని ఆడిటర్‌కి ఇవ్వండి.

తగిలించేటప్పుడు ఎండ నేరుగా పడే గోడ, వెనకాల బాత్రూమ్ ఉన్న చెమ్మ గోడ, ఏసీ గాలి ఎదురుగా కొట్టే చోటు, మూడూ వద్దు. చింతగింజల పూతకు చెమ్మ పడదు, పురుగూ పడుతుంది.

కోశాధికారి విషయం. ఆయన రాజీనామా చేసింది కమిటీకి, చేసిన పనికి కాదు. 2017లో రాత్రి పదింటిదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిన్న షాపులవాళ్ల రిటర్నులు చూసింది ఎవరో ఆ షాపులవాళ్లకు తెలుసు. ఆయన లేని పటం గీయిస్తే, చూసిన ప్రతివాడూ ముందు ఆయన్నే వెతుకుతాడు. గొణిగేవాళ్లతో వాదించకండి, జీఎస్టీ ఘట్టంలో ఆ కుర్చీలో ఎవరిని గీయమంటారో వాళ్లనే చెప్పమనండి. ఆయన దగ్గరికి మీరు ఒక్కరే వెళ్లండి, కమిటీని వెంటేసుకుని వద్దు. సభకు రానంటే బలవంతపెట్టకండి. మర్నాడు పొద్దున షట్టర్ తీసే వేళకు ఆయన ఘట్టం బొమ్మని షాపుకు తీసుకెళ్లి ఇవ్వండి. పెద్ద పటంలో ఆయన ఎటూ ఉంటారు.

సభ రోజు చిత్రకారుడు రావాలి. ఆయన పేరు ఆహ్వాన పత్రిక మీద ఉండాలి, కుర్చీ ముందు వరసలో ఉండాలి, దారి ఖర్చులు మీవి. పటం ముందు నిలబడి ఒక్కో గడి చూపిస్తూ ఘట్టాలు చదివే పని గట్టి గొంతున్న మీ సభ్యుడికి అప్పగించండి, మొత్తం పావుగంట చాలు. ఎమ్మెల్యే గారు ఆలస్యంగా వస్తారు, ఆయన కోసం దీన్ని ఆపకండి. బొమ్మలు అందించేది కూడా ముఖ్య అతిథి కాకుండా, సెల్లార్ మునిగిన షాపు ఓనరో, ఆ రోజు బియ్యం అందుకున్న హమాలీయో అయితే బాగుంటుంది. అతిథి గారు పక్కన నిలబడి ఫోటోలో ఉంటారు, ఆయనకు కావాల్సింది అదే కదా.

తేదీ చూసి పెట్టుకోండి. జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలవుతుంది, స్టాలు పెట్టే సభ్యులు సాయంత్రాలు దొరకరు. రెండో వారం సంక్రాంతి, సగం మంది ఊళ్లల్లో ఉంటారు. 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ రిటర్నుల గడువులు, ఆ రెండు తేదీల ముందు రోజుల్లో అకౌంట్లు చూసేవాళ్లెవరూ తలెత్తరు. నెలలో ఆఖరి ఆదివారం పగటిపూట పెట్టండి. అది రిపబ్లిక్ డే సెలవుకు ఆనుకుని వచ్చి జనం టూర్లకు పోతారనుకుంటే ఫిబ్రవరి మొదటి ఆదివారానికి జరపండి. చిత్రకారుడికి ఇంకో వారం కలిసొస్తుంది.